సున్నపు తేటలో సముద్రం: సముద్ర ఆమ్లీకరణాన్ని పిల్లలకు చేసి చూపించే విధానం

సున్నపు తేటలోకి కార్బన్ డయాక్సైడ్‌ను పంపితే అది పాలలాగా తెల్లబడుతుందని బడిలో చదువుకున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. పరీక్షలో ఆ ఒక్క వాక్యం రాస్తే చాలు కనుక చాలా తరగతులలో ప్రయోగం అక్కడే ఆగిపోతుంది. ఆపకుండా అదే వాయువును ఇంకా పంపుతూ పోతే ఆ తెల్లదనం నెమ్మదిగా కరిగి, నీరు తిరిగి తేటపడుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి సముద్రపు నీటి క్షారగుణం తగ్గుతూ రావడాన్నే సముద్ర ఆమ్లీకరణం అంటారు. అది అర్థం కావడానికి కావలసిన రసాయనశాస్త్రమంతా మనం చూడకుండా వదిలేసిన ఈ రెండో సగంలోనే ఉంది. ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు దీనిని వంటింటి సామగ్రితో ఎలా చూపించవచ్చో, చూపిస్తూ ఏమి చెప్పాలో, ఏమి చెప్పకూడదో ఈ వ్యాసంలో వివరిస్తున్నాను.

ప్రయోగం చేసేవారికి ముందుగా విషయం స్పష్టంగా ఉండాలి. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో ప్రతి పది లక్షల పాళ్ళకు సుమారు 280 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ ఉండేది. 1958లో అమెరికా శాస్త్రజ్ఞుడు చార్లెస్ డేవిడ్ కీలింగ్ హవాయి దీవులలోని మౌనా లోవా పర్వతం మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు అది 315 దగ్గర ఉంది. ఇప్పుడు 420 దాటింది. ఈ పెరుగుదలకు ప్రధాన కారణం బొగ్గు, పెట్రోలు, డీజిలు, సహజవాయువులను మండించడం. 12 గ్రాముల కార్బన్ పూర్తిగా మండితే 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఎందుకంటే మిగిలిన 32 గ్రాముల ఆక్సిజన్ గాలి నుంచి వచ్చి చేరుతుంది. లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలో ఉన్నా, అది మండితే వెలువడే వాయువు రెండు కిలోలకు పైగా ఎందుకు ఉంటుందని పిల్లలు తప్పక అడుగుతారు; జవాబు ఇదే. అడవుల నరికివేత రెండో కారణం. మూడోది సిమెంటు. పల్నాడు, కడప, నల్గొండ ప్రాంతాల సున్నపురాయిని సిమెంటు బట్టీలో కాల్చినప్పుడు, బట్టీకి వాడిన బొగ్గు నుంచి వచ్చేది కాక, రాయి నుంచే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది: 100 గ్రాముల స్వచ్ఛమైన సున్నపురాయికి 44 గ్రాములు. ఈ అంకెను గుర్తుంచుకోండి, చివర మళ్ళీ అవసరమవుతుంది.

మనుషులు ఏటా గాలిలోకి వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతును సముద్రం పీల్చుకుంటోంది. నీటిలో కరిగిన ఈ వాయువు నీటితో కలిసి కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. ఆ ఆమ్లం విడిపోయి ఒక హైడ్రోజన్ అయానును (అయాను అంటే విద్యుదావేశమున్న కణం), ఒక బైకార్బోనేట్ అయానును ఇస్తుంది. ఇక్కడివరకు సోడా సీసాలో జరిగేదీ, సముద్రంలో జరిగేదీ ఒకటే. తేడా ఆ తరువాత వస్తుంది. సముద్రపు నీటిలో కార్బోనేట్ అయాన్లు ముందునుంచే ఉంటాయి. కొత్తగా పుట్టిన హైడ్రోజన్ అయాన్లలో ఎక్కువ భాగం నీటిలో ఒంటరిగా తిరగకుండా, ఈ కార్బోనేట్ అయాన్లను పట్టుకొని వాటిని కూడా బైకార్బోనేట్‌గా మార్చివేస్తాయి. లెక్క మొత్తం కలిపి చూస్తే, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు, ఒక నీటి అణువు, ఒక కార్బోనేట్ అయాను కలిసి రెండు బైకార్బోనేట్ అయాన్లు అవుతున్నాయి. ఈ వాక్యాన్ని నల్లబల్ల మీద పెద్దగా రాసి, తరగతి అయ్యేవరకు చెరపకుండా ఉంచండి.

ఎందుకంటే ప్రమాదం అక్కడే ఉంది. ఆల్చిప్పలు, నత్తలు, పగడపు జీవులు తమ గుల్లలను కాల్షియం కార్బోనేట్‌తో కట్టుకుంటాయి. నీటిలో కాల్షియానికి కొరత లేదు; తగ్గుతున్నది కార్బోనేట్. సముద్రపు పైపొరలో కరిగి ఉన్న అకర్బన కార్బన్ మొత్తంలో సుమారు 90 శాతం బైకార్బోనేట్ రూపంలోనూ, మిగిలిన దానిలో ఎక్కువ భాగం కార్బోనేట్ రూపంలోనూ ఉంటుంది. వాయువుగానే కరిగి ఉన్నది ఒక శాతం లోపే. అసలే తక్కువగా ఉన్న ఆ కార్బోనేట్ మీద ప్రతి కొత్త కార్బన్ డయాక్సైడ్ అణువూ చేయి వేస్తోంది.

సిద్ధం చేసుకోవలసినవి

సున్నపు తేటకు తాంబూలంలో వాడే తెల్లని తడి సున్నం సరిపోతుంది. ఇంకా నీళ్ళు తగలని రాతి సున్నాన్ని పిల్లల చేతికి ఇవ్వకండి. నీరు తగిలితే అది కుతకుత ఉడికి చేతులు కాలుస్తుంది. తడి సున్నం ఒక చెంచాడు తీసుకొని లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, సీసా మూత బిగించి బాగా కుదిపి, రాత్రంతా కదపకుండా ఉంచాలి. బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్ దుకాణాలలో దొరుకుతుంది. లీటరు నీటిలో కరిగే సున్నం రెండు గ్రాముల లోపే కనుక అడుగున తెల్లని మడ్డి మిగలడం సహజం. పొద్దున పైన తేరిన నీటిని మాత్రమే వడపోత కాగితం గుండా మరో సీసాలోకి వంచుకుని వెంటనే మూత పెట్టాలి. మూత లేకపోతే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి, నీటి పైన పలుచని తెల్లని పొర కడుతుంది. పొరపాటున అలా జరిగితే పారబోయకండి, దాన్నే పిల్లలకు చూపించండి. మనం ఊదకుండానే గాలి చేసిన ప్రయోగం అది.

రంగు సూచికగా ఊదారంగు క్యాబేజీని వాడండి. నాలుగైదు ఆకులను తరిగి, వేడినీళ్ళలో పావుగంట నానబెట్టి వడకడితే ముదురు ఊదా ద్రవం వస్తుంది. శంఖుపూలు మన పెరళ్ళలోనే పూస్తాయి కదా, వాటిని వాడకూడదా అని అనిపించవచ్చు. నిమ్మరసం వేస్తే గులాబీ రంగుకు తిరిగే ఆ పూలరసం చూడడానికి ఎంతో బాగుంటుంది గానీ, మనకు కావలసిన పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలమానం; 7 తటస్థం, తగ్గితే ఆమ్లం, పెరిగితే క్షారం) 6 నుంచి 8 మధ్య అది దాదాపు నీలంగానే ఉండిపోతుంది. పసుపు కూడా ఇక్కడ పనికిరాదు. సున్నం తగిలితే పారాణిలా ఎర్రబడుతుంది కానీ 8కి కిందివైపు జరిగే మార్పులను చూపించలేదు. క్యాబేజీ రసం 8 దగ్గర నీలంగా, 6 దగ్గర ఊదాగా, ఇంకా దిగితే గులాబీగా మారుతుంది. క్యాబేజీ దొరకని ఊళ్ళలో బడి ప్రయోగశాలలోని బ్రోమోథైమాల్ బ్లూ ఇంకా మేలు, అది 7.6కు పైన నీలం, 6కు దిగువన పసుపు, మధ్యలో ఆకుపచ్చ.

సముద్రానికి దూరంగా ఉన్నవారు నీటిని తయారు చేసుకోవచ్చు. లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో 35 గ్రాముల ఉప్పు వేసి కరిగించండి. దానికి 0.2 గ్రాముల వంటసోడా చేరాలి. ఇంత తక్కువను తూచడం కష్టం కనుక, తలకొట్టిన ఒక టీస్పూను సోడాను, అంటే సుమారు 5 గ్రాములను, వేరే లీటరు నీటిలో కలిపి, అందులోనుంచి 40 మిల్లీలీటర్లు తీసి ఉప్పునీటిలో పోయండి. ఇది అచ్చంగా సముద్రపు నీరు కాదు, కాల్షియం, మెగ్నీషియం ఇందులో లేవు; కానీ ఆమ్లాన్ని తట్టుకునే శక్తిలో దానికి దగ్గరగా ఉంటుంది.

మొదటి ప్రయోగం: తట్టుకునే శక్తి

రెండు గాజు గ్లాసులు తీసుకొని ఒకదానిలో 200 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్, మరొకదానిలో అంతే ఉప్పుసోడా నీరు పోసి, రెంటికీ సమానంగా క్యాబేజీ రసం చేర్చండి. వెనుక తెల్లకాగితం నిలబెట్టి, డ్రాపరుతో తెల్ల వెనిగర్‌ను ఒక్కొక్క చుక్కగా వేస్తూ కలుపుతూ లెక్కపెట్టమని పిల్లలకు చెప్పండి. మొదటి గ్లాసు రెండు మూడు చుక్కలకే గులాబీ వైపు తిరుగుతుంది. రెండో గ్లాసు అన్ని చుక్కలకు ఇంకా నీలంగానో ఊదాగానో నిలబడుతుంది. అది గులాబీ కావడానికి దాదాపు పది చుక్కలు పట్టవచ్చు. బైకార్బోనేట్ హైడ్రోజన్ అయాన్లను పట్టుకోవడమే దీనికి కారణం.

భీమవరం, నెల్లూరు వైపు రొయ్యల చెరువులున్న ఇళ్ళ పిల్లలు మీ తరగతిలో ఉంటే ఈ ప్రయోగాన్ని వారి చేతే చేయించండి. చెరువు నీటి ఆల్కలినిటీ ఎంత ఉందని వారి ఇళ్ళలో మాట్లాడుకునేది ఈ తట్టుకునే శక్తి గురించే. తెల్లవారుజామున చెరువు పీహెచ్ తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఎందుకుంటుందో వారికి తెలిసి ఉంటుంది: పగలు నీటిలో తేలే పచ్చని సూక్ష్మజీవులు, అంటే ప్లాంక్టన్, కార్బన్ డయాక్సైడ్‌ను తినివేస్తుంది, రాత్రి చెరువులోని ప్రాణులన్నీ ఊపిరి వదిలి దానిని తిరిగి నింపుతాయి. ఆల్కలినిటీ తక్కువైతే ఈ ఊగిసలాట పెరిగి రొయ్య ఒత్తిడికి లోనవుతుంది. తీరప్రాంతపు రైతు ప్రతిరోజూ చూసే ఈ సంగతిని పాఠ్యపుస్తకంలోని రసాయనంతో ముడిపెట్టగలిగితే పాఠం సగం చెప్పినట్టే.

రెండో ప్రయోగం: తెల్లబడడం, తిరిగి తేటపడడం

దీనిని నిదానంగా, తగినంత సమయం పెట్టుకుని చేయాలి. నేను మొదటిసారి చేసినప్పుడు చిక్కని సున్నపు తేటనే నేరుగా వాడాను. పిల్లలు వంతులవారీగా ఊదారు, నీరు తెల్లబడింది, పీరియడ్ ముగిసేదాకా ఊదినా తెల్లగానే ఉండిపోయింది. కారణం తరువాత లెక్క వేస్తే తెలిసింది: అంత సున్నం నుంచి ఏర్పడిన కాల్షియం కార్బోనేట్ మొత్తాన్ని కరిగించడానికి ఊపిరిలోని 4 శాతం కార్బన్ డయాక్సైడ్ చాలదు. అందుచేత ఒక వంతు సున్నపు తేటకు తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ కలిపి పలుచన చేయండి. తెల్లదనం కొంచెం తక్కువగా కనిపిస్తుంది కనుక వెనుక నల్లకాగితం పెట్టండి.

స్ట్రాతో నెమ్మదిగా ఊదించవచ్చు. సున్నపు తేట నోటికి, కంటికి మంచిది కాదు. పొరపాటున పీల్చుకోకుండా స్ట్రా పైభాగంలో గుండుసూదితో చిన్న రంధ్రం చేయండి, కళ్ళద్దాలు పెట్టించండి. ఇంకా సురక్షితంగా, త్వరగా కావాలంటే, మూతకు సన్నని ప్లాస్టిక్ గొట్టం బిగించిన సీసాలో వంటసోడా, వెనిగర్ కలిపి ఆ వాయువును పంపండి. నురుగు గొట్టంలోకి ఎక్కకుండా చూసుకోవాలి. వెనిగర్ తుంపర గ్లాసులో పడితే తెల్లదనాన్ని కరిగించింది వాయువా, వెనిగరా అనేది తెలియకుండా పోతుంది.

మొదటి నిమిషాలలో నీరు తెల్లబడుతుంది. సున్నపు తేట గాఢమైన క్షారం కనుక, వచ్చిన కార్బన్ డయాక్సైడ్ అంతా కార్బోనేట్‌గా మారి, కాల్షియంతో జతకట్టి, కరగని పొడిగా తేలుతుంది. ఆల్చిప్పలోనూ, సున్నపురాయిలోనూ ఉన్న పదార్థమే ఇది. తరువాత ఒక దశలో తెల్లదనం పెరగడం ఆగుతుంది. అక్కడి నుంచి పంపే ప్రతి బుడగా, నల్లబల్ల మీద మనం రాసిన వాక్యం ప్రకారం, కార్బోనేట్‌ను బైకార్బోనేట్‌గా మారుస్తుంది. నీటిలో కార్బోనేట్ తగ్గేకొద్దీ ఆ లోటు తీర్చడానికి తెల్లని పొడి కరగడం మొదలవుతుంది. కొన్ని నిమిషాలకు గ్లాసు వెనుక నల్లకాగితం మీద రాసిన అక్షరాలు మళ్ళీ చదవగలుగుతాము. ఆ క్షణంలో తరగతి నిశ్శబ్దమవుతుంది. ప్రతి దశలోనూ కొద్దిగా నీరు తీసి వేరే గిన్నెలో క్యాబేజీ రసంతో పరీక్షిస్తే, ఆకుపచ్చ నుంచి నీలానికి, నీలం నుంచి ఊదాకు రంగు దిగిరావడం కూడా కనిపిస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ మార్గంలో సముద్రం రెండో సగంలో ఉంది. అంటే కార్బన్ డయాక్సైడ్ పెరిగితే కార్బోనేట్ తగ్గే వైపు. కానీ గ్లాసులో పొడి కరిగినట్లు, వెచ్చని సముద్రాల పైపొరలో గుల్లలు నేడే కరిగిపోతున్నాయని చెప్పకూడదు. అక్కడి నీటిలో కార్బోనేట్ ఇంకా గుల్ల నిలవడానికి కావలసినదానికన్నా ఎక్కువే ఉంది. అయితే ఆ మిగులు తగ్గేకొద్దీ గుల్ల కట్టుకోవడానికి జీవి పెట్టవలసిన శక్తి పెరుగుతుంది. ఎదుగుదలకు, పిల్లలను కనడానికి వాడవలసిన శక్తి ఇటు ఖర్చవుతుంది. కాల్షియం కార్బోనేట్‌లోనూ రెండు రకాలున్నాయి. పగడాలు, చాలా రకాల నత్తగుల్లలు అరగొనైట్ అనే రూపంలో ఉంటాయి. ఎదిగిన ఆల్చిప్ప పెంకు, కోడిగుడ్డు పెంకు ప్రధానంగా కాల్సైట్. రెండింటిలో అరగొనైట్ తేలికగా కరుగుతుంది. చల్లని నీరు వాయువును ఎక్కువగా కరిగించుకుంటుంది కనుక ధ్రువ సముద్రాలు గుల్ల కరగడం మొదలయ్యే హద్దుకు ముందుగా చేరుకుంటున్నాయి.

అమెరికా పశ్చిమ తీరంలోని ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో 2000ల దశకం చివరి సంవత్సరాలలో ఆల్చిప్పల హేచరీలలో, అంటే గుడ్లను పొదిగించి పెంచే కేంద్రాలలో, ఆల్చిప్ప పిల్లలు పెద్దఎత్తున చనిపోయాయి. లోతు నుంచి పైకి ఉబికి వచ్చే చల్లని, కార్బన్ డయాక్సైడ్ నిండిన నీరు హేచరీలోకి రావడమే కారణమని తేలింది. గుడ్డు నుంచి వచ్చిన మొదటి రెండు రోజులలోనే ఆ పిల్ల తొలి గుల్లను, అదీ అరగొనైట్‌తో, కట్టుకోవాలి. ఆ కొద్ది గంటలలో నీరు సహకరించకపోతే దానికి మరో అవకాశం ఉండదు. ఆ తరువాత వారు నీటిని నిరంతరం కొలుస్తూ, అవసరమైనప్పుడు సోడియం కార్బోనేట్ కలిపి నీటిని సరిచేసుకోవడం నేర్చుకున్నారు. మన హేచరీల వారికి ఈ మాట కొత్తగా అనిపించదు.

గుడ్డును వెనిగర్‌లో వేసే ప్రయోగం గురించి

సముద్ర ఆమ్లీకరణం అనగానే చాలామంది గవ్వనో, గుడ్డునో వెనిగర్‌లో వేసి, పెంకు కరగడాన్ని చూపిస్తారు. అది వద్దని నా గట్టి అభిప్రాయం. వెనిగర్ పీహెచ్ 3కు దగ్గరగా ఉంటుంది. సముద్రపు పైపొర పీహెచ్ పారిశ్రామిక యుగానికి ముందు సుమారు 8.2, నేడు సుమారు 8.1. సముద్రం నేటికీ క్షారమే, ఈ శతాబ్దంలో ఆమ్లం కాబోదు కూడా. ఆమ్లీకరణం అనేది ప్రయాణించే దిశకు పెట్టిన పేరు. వెనిగర్ చూసిన పిల్లవాడు పెద్దయ్యాక 8.1 అనే అంకె చదివి, తనకు భయపెట్టే అబద్ధం చెప్పారని అనుకుంటాడు. అలా పోగొట్టుకున్న నమ్మకాన్ని తిరిగి సంపాదించడం చాలా కష్టం.

0.1 మార్పు చిన్నది కాదని చూపడానికి లెక్క చేయించండి. పీహెచ్ కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో డెన్మార్క్ రసాయన శాస్త్రజ్ఞుడు సోరెన్సెన్ ప్రవేశపెట్టాడు. అది సంవర్గమాన కొలమానం. ఒక అంకె దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. పదికి 0.1 ఘాతం కాలిక్యులేటర్‌లో చూస్తే 1.26 వస్తుంది. అంటే 8.2 నుంచి 8.1కి దిగడమంటే హైడ్రోజన్ అయాన్లు నాలుగో వంతుకు పైగా పెరగడం. అదే 8.1 నుంచి 7.8కి దిగితే అవి దాదాపు రెట్టింపవుతాయి. ఇంధనాల వాడకం తగ్గకుండా సాగితే ఈ శతాబ్దం చివరికి చేరవచ్చని శాస్త్రజ్ఞులు అంచనా వేసే స్థాయి ఇంచుమించు అదే.

తీరంలో కొలిచేవారికి

విశాఖ, మచిలీపట్నం, నెల్లూరు తీరాలలో ఉన్నవారు పీహెచ్ పెన్నుతో సముద్రపు నీటిని కొలవాలని ఉత్సాహపడతారు. తప్పక కొలవండి, కానీ ఆ కొలతతో ఆమ్లీకరణాన్ని కనిపెట్టామని చెప్పకండి. బహిరంగ సముద్రంలో పీహెచ్ ఏడాదికి సుమారు 0.002 చొప్పున తగ్గుతోంది. హవాయి దగ్గర 1988 నుంచి ఆపకుండా తీస్తున్న కొలతలు ఈ సంగతి చెబుతున్నాయి. సాధారణ పెన్ను తప్పు అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే పరిశోధకులు మెటా-క్రెసాల్ పర్పుల్ అనే రంగును నీటిలో కలిపి, అది కాంతిని పీల్చుకునే తీరును స్పెక్ట్రోఫోటోమీటర్‌తో కొలుస్తారు. పైగా బంగాళాఖాతం తీరంలో గోదావరి, కృష్ణ వరదనీరు ఉప్పదనాన్ని, ఆల్కలినిటీని కాలాన్నిబట్టి మారుస్తుంది. గాలి నుంచి వచ్చిపడే సల్ఫేట్, నత్రజని కాలుష్యం కూడా ఈ తీరపు నీటి ఆమ్లత్వాన్ని పెంచుతోందని విశాఖపట్నంలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం పరిశోధకులు చూపించారు.

మరి పెన్నుతో ఏమి చేయవచ్చు? పీహెచ్ 7, 10 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో పెన్నును సరిచూసుకొని, మురుగుకాలువలకు, నౌకాశ్రయానికి దూరంగా ఒకేచోట, ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం మూడు గంటలకు కొలిచి పోల్చండి. సీసాను నిండా ముంచి, గాలి బుడగ మిగలకుండా నీటిలోనే మూత పెట్టాలి. ప్లాంక్టన్ పగలూ రాత్రీ చేసే మార్పు కొన్ని రోజులలో మీ పట్టికలో కనిపించవచ్చు.

చివర పిల్లలు అడిగే ప్రశ్న

రొయ్యల చెరువులో సున్నం వేస్తారు కదా, సముద్రంలో కూడా వేస్తే సరిపోదా అని ప్రతి తరగతిలోనూ ఒకరైనా అడుగుతారు. ఇది చక్కని ప్రశ్న, కొట్టిపారేయకండి. రసాయనం ప్రకారం ఆలోచన సరైనదే, శాస్త్రజ్ఞులు దీనిని పరిశీలిస్తున్నారు కూడా. కానీ సున్నం ఎక్కడి నుంచి వస్తుందని తిరిగి అడగండి. పూర్వం మన తీరగ్రామాలలో గుల్లలను కాల్చి గుల్లసున్నం చేసేవారు. నేడు సున్నపురాయిని కాలుస్తున్నాము. రెండింటిలోనూ 100 గ్రాములకు 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ బట్టీలోనే బయటపడుతుంది, కాల్చిన ఇంధనం దానికి అదనం. ఆ వాయువును పట్టి దాచకుండా సున్నం వేస్తే, లాభంలో పెద్ద భాగం బట్టీ దగ్గరే పోతుంది.

ప్రయోగం ముగిశాక, తేటపడిన నీటిని పారబోయకుండా చిన్న గాజుపాత్రలో పోసి మరిగించండి. కార్బన్ డయాక్సైడ్ ఆవిరితోపాటు వెళ్ళిపోయి, కరిగిన కార్బోనేట్ తెల్లని పొరగా పాత్ర గోడలకు తిరిగి వస్తుంది. బోరునీళ్ళు కాచే గిన్నె అడుగున పేరుకునే పొర కూడా ఇదే. గ్లాసులో ఇది పది నిమిషాల పని. సముద్రాన్ని మరిగించలేము కనుక, అక్కడ దాని అడుగున పరచుకున్న సున్నపు మట్టి నెమ్మదిగా కరిగి నీటిని సరిచేయాలి, అందుకు వేల సంవత్సరాలు పడుతుంది.